తాడు వదిలే పని

ఎనిమిదింటికి నేనెళ్లేసరికి
తమ్మన్న గారు వరండాలో నిలబడి ఉంటారు,
చొక్కా గుండీలు ఒక కాజా ఎగువకి తప్పి.
"గేజీ ఎంతుందమ్మా?"
బాగున్నావా కాదు, కాఫీ ఏది కాదు. గేజీ.

మొదటి వారం నిజం చెప్పాను:
లాకు మూసి పదిహేడేళ్లయిందండీ,
తలుపులు పాత ఇనుం కింద అమ్మేశారు,
పడవలెక్కడివి, అంతా లారీలే.
ఆయన గోడకేసి తిరిగి పడుకుని
పొద్దుగూకేదాకా అన్నం ముట్టలేదు.
వాళ్లమ్మాయి పద్మజ గారు బ్యాంకు నుంచొచ్చి
పెట్టింది పెట్టినట్టే ఉన్న కంచం చూసి
నన్నేమీ అనలేదు.
అంటే బాగుణ్ణనిపించింది.

మర్నాడు పెరట్లో సిమెంటు తొట్టికి
సుద్దముక్కతో గీతలు గీశాను, అడుగులూ అంగుళాలూ.
"మూడడుగుల నాలుగంగుళాలండీ."
కళ్లజోడు సర్దుకుని రాసుకున్నారు.
అంకెలు ఇంకా కుదురుగానే ఉన్నాయి ఆ చేతిలో.
ఆ తర్వాతే ఇడ్డెన్లు, బీపీ మాత్ర,
రక్తం గడ్డకట్టకుండా వేసే తెల్లది.

కాకినాడ డాక్టరు గారు ఫిల్ము లైటుకి పట్టి చూపించారు.
తలలో సన్న కాలవలు, అక్కడక్కడా పూడిపోయి.
ఇది వాలులా దిగే జబ్బు కాదు, మెట్లు, అన్నారు.
క్రిస్మసు నక్షత్రం కట్టిన వారం ఒక మెట్టు:
లుంగీ ముడి పోయింది.
మూడు నెలలు అక్కడే ఆగాం, ఇక ఇంతేలే అనుకుంటూ.
మట్టల ఆదివారం నాడు చెంచా పేరు పోయింది.
"అదే... ఆ బుల్లి తెడ్డు" అని అడిగారు. ఇచ్చాను.
మా ఇంట్లో కూడా ఇప్పుడు అదే అంటున్నాం.
పోయిన బుధవారం, నిద్ర లేచేసరికి,
పద్మజ గారి పేరు.

మాట బాగున్న రోజుల్లో ఒకసారి
చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పారు:
"లాకులో నీళ్లు దించేప్పుడు
పడవలో ఉన్నోడికి పడవ దిగుతున్నట్టుండదు, సువార్తా,
గోడలు పెరుగుతున్నట్టుంటది.
గట్టు మీద ఒకడు తాడు పట్టుకోవాలి.
బిగబట్టేవా, పడవ ఉరేసినట్టు వేలాడిద్ది.
ఒగ్గేసేవా, గోడకేసి కొట్టుకుద్ది.
కొంచెం కొంచెం వదలాలి.
చేతులు మండుతాయి మరి."

ఏజెన్సీ ఫారంలో 'చేసిన పని' అన్న గడి వేలెడుంది.
స్నానం, భోజనం, మందులు, నడక అని రాస్తాను.
చెంబు విసిరితే నా మోచెయ్యి కమిలిందని రాయను.
గంజి చిక్కగా కాస్తేనే పొలమారదని,
అది పట్టుబడడానికి నాలుగు రోజులు పట్టిందని రాయను.
వీపు మీద నీళ్లు పడగానే
"ఎగువ తలుపెత్తేశార్రోయ్" అని
చిన్నపిల్లాడిలా నవ్వారని కూడా.

కాలవ కట్టేసి నెలయింది.
అడుగున నత్తగుల్లలు, ఒంటి చెప్పు, పిల్లల క్రికెట్టు.
గట్టు మీదికి తీసుకెళ్లకూడదనుకుంటూనే తీసుకెళ్లాను.
ఉక్కకి ఇంట్లో నిలవలేకపోయారు.
చాలాసేపు చూశారు.
నేను ఒక అబద్ధం కోసం వెతుక్కుంటున్నాను.
"మరమ్మతులు" అన్నారు ఆయనే.
"జూన్లో వదుల్తార్లే."
నా చెయ్యి తట్టారు,
కంగారు పడుతున్నది నేనన్నట్టు.
నేనే.

ఆరింటికి క్యారేజీ సర్దుకుంటాను.
గుమ్మం దగ్గర రిజిస్టరు తెరుస్తారు.
"ఏ పడవ?"
సువార్తండీ.
"సరుకు?"
ఖాళీ క్యారేజీ, గొడుగు, రెండు జామకాయలు, మీ పెరట్లోవే.
"ఎక్కడికి?"
జొన్నాడ.
రాసుకుంటారు. ఈమధ్య అక్షరాలు గీత దిగిపోతున్నాయి,
నేను వంగి చూడను.
పద్మజ గారు ఆయన వెనకాలే నిలబడి ఉంటారు,
తన వంతు వచ్చేదాకా.
ఆయన రెండు చేతులూ గాలిలో చాపి
కనపడని చక్రమొకటి తిప్పుతారు, నిదానంగా, బరువుగా,
నేను గేటు దాటేదాకా.